సస్పెన్స్ ఖాతాలో ఇరవై మూడేళ్లు

నేను సికింద్రాబాద్‌లో ఒక చిన్న ఆడిట్ ఆఫీసులో చేస్తాను. పైలట్ల గురించి రాయడానికి నాకున్న అర్హత ఏమిటని అడిగితే చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక్క విషయం మాత్రం నాకు బాగా తెలుసు. లెక్క తేలని పద్దును ఏం చేస్తారో తెలుసు. డబ్బు వచ్చింది, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలీదు. ఖర్చయింది, వోచర్ లేదు. అలాంటి దాన్ని కొట్టేయడానికి వీల్లేదు, ఒప్పుకోవడానికీ వీల్లేదు. తీసుకెళ్లి సస్పెన్స్ ఖాతాలో పడేస్తాం. తర్వాత చూద్దాంలే అనుకుంటాం. ఆ తర్వాత అనేది చాలాసార్లు రాదు. గుమస్తాలు మారతారు, మేనేజర్లు రిటైరవుతారు, ఆ పద్దు ప్రతి మార్చిలోనూ తర్వాతి సంవత్సరానికి మోసుకుపోతూనే ఉంటుంది.

1965 పాకిస్తాన్ యుద్ధంలో తప్పిపోయిన ఎయిర్‌ఫోర్స్ పైలట్, స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య అనే మనిషిని మన దేశం ఇరవై మూడేళ్లు అలాంటి ఖాతాలో ఉంచింది.

ఈ కథ నాదాకా వచ్చింది మా బావమరిది పంపిన వాట్సాప్ మెసేజ్‌తో. 2025 జనవరిలో ఈ సంఘటన ఆధారంగా, పేర్లు మార్చి, హిందీలో ఒక సినిమా వచ్చింది కదా, ఆ వేడిలో తిరిగిన మెసేజ్. అందులో దేవయ్య ఒంటరిగా పాకిస్తాన్‌లోని సర్గోధా మీదికి వెళ్లి ఐదు విమానాలు కూల్చాడని ఉంది. కింద ఎర్ర గులాబీలు, జెండాలు, ‘పది మందికి పంపండి’. పేరు చూసి మొదట మా కరీంనగర్ వైపు మనిషేమో అనుకున్నాను. దేవయ్య, బొప్పయ్య... మా ఊళ్లో వీధికొకరు ఉంటారు. కాదు, కర్ణాటకలోని కొడగు. జనరల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య పుట్టిన నేల.

ఐదు అనే అంకె దగ్గర నాకు అనుమానం వచ్చింది. వృత్తి రోగం. గుండ్రంగా ఉన్న అంకె కనబడితే వోచర్ అడగాలనిపిస్తుంది. మొదలుపెట్టాను, రెండు నెలలు పట్టింది.

ఇక్కడో చిన్న ఇబ్బంది. రాసేటప్పుడు ఆయన అనాలా, అతను అనాలా అని చాలాసేపు తటపటాయించాను. పోయేనాటికి దేవయ్యకు ముప్పై రెండేళ్లు. మా ఆఫీసులో ఆర్టికల్స్ పూర్తిచేసి పెళ్లి సంబంధాలు చూసుకుంటున్న కుర్రాళ్లకంటే కాస్త పెద్ద, అంతే. ఆయన అని రాస్తే విగ్రహంలా కనిపిస్తున్నాడు. అందుకని అతను అనే రాస్తాను, అగౌరవం అనుకోకండి.

1932 డిసెంబర్ 24న పుట్టాడు, తండ్రి డాక్టరు. 1954 డిసెంబర్‌లో ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గా చేరాడు. తోటివాళ్లు ‘టబ్బీ’ అని పిలిచేవారు, అంటే బొద్దుగా ఉండేవాడన్నమాట. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. 1965 వచ్చేసరికి అతను కుర్ర పైలట్లకు పాఠాలు చెప్పే ఇన్‌స్ట్రక్టర్. యుద్ధం మొదలవడంతో అక్కణ్ణుంచి పంజాబ్‌లోని ఆదంపూర్‌కు, ‘టైగర్స్’ అని పిలిచే నంబర్ 1 స్క్వాడ్రన్‌కు పంపారు.

ఇన్‌స్ట్రక్టర్ అన్న ఆ ఒక్క మాటను అందరూ దాటేసుకుంటూ పోతారు. నాకు మాత్రం అక్కడ ఆగాలనిపించింది. నేను పెరిగింది అల్వాల్‌లో. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దగ్గరే కాబట్టి మా చిన్నప్పుడు ఆకాశం నిండా కిరణ్ విమానాలు. పొద్దున్నే మొదలెట్టేవి. ఒకటి లేస్తుంది, చుట్టూ తిరిగి వస్తుంది, దిగినట్టే దిగి మళ్లీ లేస్తుంది. మళ్లీ అదే. ఎండాకాలం సెలవుల్లో డాబా మీద పడుకుంటే ఆ మోతకే మెలకువ వచ్చేది. వీళ్లకు వేరే పనిలేదా, ఎన్నిసార్లు దిగుతారు అని మా నాన్న విసుక్కునేవాడు. అవే పాఠాలు అని అప్పుడు తెలీదు. ఫైటర్ పైలట్ జీవితం అంటే మనం ఊహించుకునే ఆ పది నిమిషాల పోరు వెనకాల ఇలాంటి వేల గంటల విసుగు ఉంటుంది. విమానం నడుపుతున్న పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లవాడు చేసే తప్పును అదే విమానంలో కూర్చుని సరిచేస్తూ ఉండాలి. విమానం ఎక్కడిదాకా వంగుతుందో, ఎక్కడ చేయి దాటిపోతుందో, రోజుకు పదిసార్లు చూస్తూ ఉండాలి. దేవయ్య ఆ పని చేసి వచ్చినవాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

1965 సెప్టెంబర్ 6 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ మీద పడ్డాయి. నేల మీద నిలబెట్టిన మన విమానాలు పది దాకా కాలిపోయాయి. మర్నాడు తెల్లారేసరికి బదులు చెప్పాలి. గురి సర్గోధా. పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్‌కు గుండెకాయ లాంటి చోటు, చుట్టూ చిన్న చిన్న రన్‌వేలు, రాడార్లు, ఆ దేశం దగ్గరున్న మంచి విమానాల్లో చాలావరకు అక్కడే. ఆదంపూర్ నుంచి సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరం. మన టైగర్స్ నడిపేవి ఫ్రాన్స్ నుంచి కొన్న మిస్టేర్ విమానాలు. అంత దూరం తక్కువ ఎత్తులో వెళ్లి, బాంబులూ రాకెట్లూ వేసి తిరిగి రావడమంటే పెట్రోలు బంకు లేని దారిలో రిజర్వ్ మీద బండి నడపడమే.

కమాండింగ్ ఆఫీసర్ వింగ్ కమాండర్ ఓ.పి. తనేజా నాయకత్వంలో పన్నెండు విమానాలు వెళ్లాలని ప్లాను. దేవయ్య పేరు ఆ పన్నెండులో లేదు. అతను స్టాండ్‌బై. ఎవరిదైనా విమానం మొరాయిస్తే ఆ ఖాళీలో చేరడానికి ఇంజన్ ఆన్ చేసుకుని ఎదురుచూసేవాడు. ఒక విమానం తప్పుకుంది, దేవయ్య చేరాడు. అంతే. చివరి నిమిషంలో వెయిటింగ్ లిస్టు కన్ఫర్మ్ అయినట్టు.

తెల్లవారుతుండగా దాడి చేశారు, వెనక్కి తిరిగారు. ఆదంపూర్‌లో లెక్క పెట్టుకుంటే ఒక విమానం తక్కువ వచ్చింది. దేవయ్య రాలేదు. ఎవరూ కూలడం చూడలేదు, రేడియోలో చివరి మాట ఎవరూ వినలేదు. ఫిరంగి తగిలిందా, పెట్రోలు అయిపోయిందా, దారి తప్పాడా? జవాబు లేదు. తప్పిపోయాడు అని రాశారు. పైలట్ తన ప్రతి ప్రయాణాన్నీ దిగాక లాగ్‌బుక్‌లో తానే రాసుకుంటాడు. దిగని ప్రయాణాన్ని రాయడానికి అతను ఉండడు.

ఇక సరిహద్దు అవతల ఏం జరిగింది? చాలా ఏళ్ల తర్వాత పాకిస్తాన్ వైపు నుంచి తెలిసిన సంగతి ఇది.

పాకిస్తాన్ దగ్గర అప్పుడు అమెరికా ఇచ్చిన స్టార్‌ఫైటర్లు ఒక పన్నెండు ఉండేవి. ధ్వనికి రెట్టింపు వేగంతో పోగల విమానం. మన మిస్టేర్‌కు ధ్వని వేగం అందుకోవడమే గగనం. ఆ రోజు ఒక స్టార్‌ఫైటర్‌లో ఫ్లయిట్ లెఫ్టినెంట్ అమ్జాద్ హుస్సేన్ పైకి లేచాడు. దాడి చేసి తిరిగిపోతున్న మిస్టేర్లు అతని కంటపడ్డాయి. మొదట మిసైల్ వదిలాడు, తగల్లేదు. దగ్గరకొచ్చి ఫిరంగితో కాల్చాడు, ఒక మిస్టేర్‌కు తగిలింది. దాని పని అయిపోయిందనుకుని మరో మిస్టేర్ వైపు తిరిగాడు. పని అయిపోయిందనుకున్న ఆ విమానమే దేవయ్యది. అది తిరిగి వచ్చి మీద పడింది.

ఇద్దరూ చెట్ల ఎత్తులో మలుపులు తిరుగుతూ కొట్టుకున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఖరీదైన కారు ముందు స్కూటర్ ఎందుకూ పనికిరాదు. అదే కారును చార్మినార్ వెనక గల్లీల్లోకి తీసుకురండి, ఎవరు గెలుస్తారో చూడండి. స్టార్‌ఫైటర్ రెక్కలు మరీ చిన్నవి, ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై రెండు అడుగులే. నేరుగా దూసుకుపోవడానికి చేసిన విమానం, మలుపు తిరగమంటే దానికి తల ప్రాణం తోకకొస్తుంది. అందులో దెబ్బతినని స్టార్‌ఫైటర్ తన వేగం వాడుకుని దూరంగా పోకుండా మలుపుల్లోకి దిగింది, అది అమ్జాద్ చేసిన పొరపాటు. ఎదురుగా దెబ్బతిన్న విమానంలో ఉన్నవాడు, విమానం ఎంత వంగుతుందో రోజూ పిల్లలకు నేర్పినవాడు. మిస్టేర్ ముప్పై మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లు స్టార్‌ఫైటర్‌కు తగిలాయి. అమ్జాద్ తక్కువ ఎత్తులో దూకేసి ప్రాణాలతో బయటపడ్డాడు. దేవయ్య తన విమానంతో పాటే కూలాడు. అతన్ని ఆ చుట్టుపక్కల గ్రామస్థులే పొలాల్లో పాతిపెట్టారు.

ఐదు విమానాలు కాదు. ఒకటి. నాకైతే ఆ ఒకటే ఎక్కువ.

మా బావమరిదికి ఇది నచ్చలేదు. “అంతా బాగనే ఉంది బావా, గని పాకిస్తాన్ వాడు చెప్తెనే నమ్మాల్నా మనం?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆడిట్‌లో మేము ఒక పని చేస్తాం. కంపెనీ పుస్తకాల్లో ఫలానావాడు ఇంత బాకీ అని ఉంటే, ఆ ఫలానావాడికి నేరుగా ఉత్తరం రాసి, నువ్వు ఇంత బాకీ ఉన్నావా అని అడుగుతాం. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అంటాం. వాడే అవును అని సంతకం పెట్టి పంపితే అంతకు మించిన సాక్ష్యం లేదు. అప్పు ఇచ్చినవాడు ఎంతైనా చెప్పుకోవచ్చు, అప్పున్నవాడు ఒప్పుకుంటే మాత్రం అది నిఖార్సయిన మాట. తన దేశపు గర్వకారణమైన విమానాన్ని ఒక పాత రకం భారతీయ విమానం కూల్చింది అని ఒప్పుకోవడంలో అమ్జాద్‌కు లాభం ఏముంది? అందుకే నేను నమ్ముతాను.

దీని పక్కన ఇంకో పద్దు పెట్టి చూడండి. అదే సెప్టెంబర్ 7, అదే సర్గోధా ఆకాశం. పాకిస్తాన్ స్క్వాడ్రన్ లీడర్ ఎం.ఎం. ఆలం ఒక్క నిమిషంలోపే ఐదు భారతీయ హంటర్ విమానాలు కూల్చానన్నాడు. ఆ దేశంలో చిన్నపిల్లలకు కూడా ఆ కథ తెలుసు. సెప్టెంబర్ 7ను వాళ్లు ఎయిర్‌ఫోర్స్ డేగా జరుపుకుంటారు. మన రికార్డుల్లో మాత్రం ఆ పోరులో ఐదు హంటర్లు పోలేదు. ఆలం గొప్ప పైలట్, అందులో అనుమానం లేదు, కొన్ని కూల్చాడు. ఐదు మాత్రం లెక్కకు రాదు. నేను చెప్పేది ఏమిటంటే, అదే రోజు అదే గాలిలో ఒకడు తన పద్దును తానే రాసుకున్నాడు, అది సాయంత్రానికి చరిత్ర అయిపోయింది. రెండోవాడి పద్దు రాసేవాడు లేక ఖాళీగా ఉండిపోయింది. యుద్ధం తర్వాత ఇరుదేశాల అంకెలు పక్కపక్కన పెడితే ఎక్కడా కలవవు. కూల్చానని ఒకరు చెప్పేది ఎప్పుడూ ఎక్కువ, పోగొట్టుకున్నానని రెండోవారు చెప్పేది ఎప్పుడూ తక్కువ. మనవాళ్లు దీనికి మినహాయింపేమీ కాదు.

అసలు నాకు కోపం వచ్చింది ఇంకో చోట.

1971 యుద్ధంలో డిసెంబర్ 5న ఒక స్టార్‌ఫైటర్ అమృత్‌సర్ రాడార్ మీద దాడికి వచ్చింది. మన విమాన విధ్వంసక తుపాకులు దాన్ని కూల్చాయి, పైలట్ దూకాడు, పట్టుబడ్డాడు. స్క్వాడ్రన్ లీడర్ అమ్జాద్ హుస్సేన్. ఆ అమ్జాదే. 1965 సెప్టెంబర్ 7 ఉదయం దేవయ్యను చివరిసారిగా చూసిన మనిషి, ఆ పోరు చూసినవాళ్లలో బతికున్న ఒకే ఒక్క పైలట్, యుద్ధఖైదీగా మన చేతిలో ఉన్నాడు. ‘ఆరేళ్ల కింద మా మనిషి ఒకడు తప్పిపోయాడు, నీకేమైనా తెలుసా’ అన్న ప్రశ్నకు జవాబు అతని నాలుక మీద ఉంది. ఆ జవాబు అప్పుడే మన ఫైల్లోకి ఎక్కి ఉంటే ఆ ఇంటివాళ్లు ఇంకో పదిహేడేళ్లు ఆగాల్సిన పని ఉండేది కాదు. సస్పెన్స్ ఖాతాలో ఉన్న పద్దుకు వోచర్ తనంతట తాను నడుచుకుంటూ ఆఫీసు గుమ్మంలోకి రావడం లాంటిది ఇది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో అలా ఒక్కసారీ జరగలేదు.

జవాబు చివరికి బయటి మనిషి ద్వారా వచ్చింది. జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయితకు పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్ తన రికార్డులు చూపించి, పైలట్లతో మాట్లాడనిచ్చింది. 1979లో అతని పుస్తకం వచ్చింది. స్టార్‌ఫైటర్‌ను ఒక మిస్టేర్ కూల్చిందన్న సంగతి అందులో ఉంది. ఆ ఉదయం తిరిగిరాని మిస్టేర్ ఎవరిదో ఆదంపూర్‌లో అందరికీ తెలుసు. రెండూ ఒకచోట పెట్టడమే పని. ఆ పనికి ఇంకా తొమ్మిదేళ్లు పట్టింది. 1988లో దేవయ్యకు మహావీర చక్ర ప్రకటించారు, పరమవీర చక్ర తర్వాత యుద్ధంలో ఇచ్చే పెద్ద పతకం అదే. భార్య అందుకుంది. తండ్రి పోయేనాటికి చిన్నపిల్లలైన కూతుళ్లు అప్పటికి పెద్దవాళ్లయిపోయారు.

పతకం ఆలస్యమైందని నేను ఏడవడం లేదు. చనిపోయినవాడికి పతకంతో పనిలేదు. ఆ ఇంటివాళ్లకు మాత్రం ఏం జరిగిందో తెలియాలి. తప్పిపోయాడు అన్న మాటతో బతకడం ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. మా చిన్నాన్న ఒకాయన గల్ఫ్‌కు పోయి నాలుగేళ్లు జాడ లేకుండా పోయాడు. మా నాయనమ్మ ఆ నాలుగేళ్లూ సాయంత్రం దీపం పెట్టాక వాకిలి తలుపు గడియ వేయనిచ్చేది కాదు. చివరికి తిరిగొచ్చాడు, అది వేరే కథ.

మన దగ్గర ఒక అలవాటుంది. కాగితం ఉంటే దాన్ని దాచాలి. 1965 యుద్ధం మీద రక్షణ శాఖ చరిత్ర విభాగం అధికారిక చరిత్ర రాసింది. 1992కే పూర్తయింది, అప్పట్లో ముద్రించలేదు. 2000లో ఒక ఇంగ్లీషు పత్రిక ఇంటర్నెట్‌లో పెడితేనే జనం చూశారు. అంటే యుద్ధం జరిగిన ముప్పై అయిదేళ్లకు. అందులో దాచాల్సిన రహస్యం ఏముందో చదివినవాళ్లు చెప్పాలి, నాకైతే కనబడలేదు. దాచడం వల్ల పరువు నిలబడుతుందని అనుకుంటారు కాబోలు. పోయేది కూడా ఉంటుంది. మన కాగితాలు మూసుంటే మన దేవయ్య గురించి తెలుసుకోవడానికి బ్రిటిష్ రచయిత రాయాల్సి వస్తుంది. ఆ ఖాళీలోకి వాట్సాప్ వచ్చి కూర్చుంటుంది, ఐదు విమానాలు అంటుంది. మా బావమరిదిని తప్పుపట్టలేను. అసలు అంకె దాచిపెట్టినవాడిదే తప్పు, ఊహించుకున్నవాడిది కాదు.

ఇంకో వాదన విన్నాను. దేవయ్య తిరిగిపోవాల్సింది, ఆవేశపడి ఆజ్ఞ దాటి శత్రువు మీదికి వెళ్లాడు, అని. దీనికి సినిమా వాళ్లూ కొంత సాయం చేశారు, ఆవేశం తెర మీద బాగుంటుంది కదా. నేను ఒప్పుకోను. మీ విమానానికి దెబ్బ తగిలింది. వెనకాల మీకంటే రెట్టింపు వేగంతో పోగల విమానం ఉంది. ఇల్లు ఇంకా దూరం. పారిపోతే వీపు చూపించినట్టే, వాడు తీరిగ్గా గురిపెట్టుకుంటాడు. వాడికి చేతకాని పని ఒకటే, మలుపు. అందులోకి లాగాలి. ఇది ధైర్యమా? ధైర్యమే, కానీ అంతకంటే ముందు అది పని తెలిసినవాడి లెక్క. పూర్తి పవర్‌లో మలుపులు తిరిగితే పెట్రోలు ఎంత వేగంగా తాగుతుందో ఇన్‌స్ట్రక్టర్‌కు తెలియకుండా ఉండదు. గెలిచినా ఆదంపూర్ దాకా వెళ్లలేనని అతనికి ఆ క్షణంలో తెలిసే ఉంటుందని నా అనుమానం. దీనికి మాత్రం నా దగ్గర వోచర్ లేదు, అందుకే అనుమానం అంటున్నాను.

కొడగు ముఖ్యపట్టణం మడికేరిలో ఒక కూడలికి దేవయ్య పేరు పెట్టారు. సిగ్గుతో చెప్పాలి, ఎనిమిదేళ్ల కింద మేం కుటుంబంతో కూర్గ్ వెళ్లినప్పుడు ఆ చుట్టుపక్కలే కాఫీ పొడి కొన్నాం, కిలో ఎంతని బేరం కూడా ఆడాను. బోర్డులు చదివే అలవాటు నాకుంది, ఆ బోర్డు మాత్రం చదవలేదు.

ఇవన్నీ మా బావమరిదికి ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. మా అక్క పెట్టిన సర్వపిండి తింటూ ఓపిగ్గానే విన్నాడు. అమ్జాద్ అమృత్‌సర్‌లో దొరికిన సంగతి దగ్గర తినడం ఆపి, “అడగలే? ఎవ్వలూ అడగలే?” అని రెండుసార్లు అన్నాడు. తర్వాత ఫోన్ తీసి నా ఎదురుగానే ఆ మెసేజ్ మళ్లీ టైపు చేశాడు. ఐదు తీసేసి ఒకటి పెట్టాడు, స్టార్‌ఫైటర్ అని రాశాడు, ఇన్‌స్ట్రక్టర్ అన్న మాట కూడా చేర్చాడు. గులాబీలు మాత్రం ఉంచాడు, ఉండనీ బావా అన్నాడు. మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. నలుగురు దండాలు పెట్టారు.

మూడు రోజులకు మా పెద్దమ్మ అదే గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టింది. ఈసారి దేవయ్య కూల్చినవి ఏడు.